సరిహద్దు కంపెనీకి లేదు, మనకెందుకు?

చైనా గిరాకీతో ఇనుప ఖనిజం ధర ఆకాశాన్నంటిన రోజులవి. సండూరు, హొసపేట రోడ్లపై రాత్రీ పగలూ లారీలే. చేలపై ఎర్ర దుమ్ము, ఇళ్లల్లో ఎర్ర దుమ్ము. 'గనుల దొరలతో మనకెందుకు గొడవ' అని జనం నోరు మెదపని ఆ కాలంలో ధార్వాడకు చెందిన ఎస్.ఆర్.హిరేమఠ్ కాగితాలు పట్టుకుని సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఆయన సంస్థ సమాజ పరివర్తన సముదాయ 2009లో వేసిన పిటిషన్‌పైనే 2011 జులై 29న బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆగాయి. 2013 ఏప్రిల్ 18న 49 లీజులు రద్దయ్యాయి.

ఇది ఒక్కరోజు పౌరుషం కాదు. అమెరికాలో ఉద్యోగం వదులుకుని 1979లో తిరిగొచ్చిన హిరేమఠ్ మొదట తలపడింది తుంగభద్ర ఒడ్డునే. హరిహర్ పాలీఫైబర్స్ వదిలే వ్యర్థాలతో నది పాడవుతోందని పల్లె జనాన్ని కూడగట్టారు. ఆ ఫ్యాక్టరీకి కలప కోసం ప్రభుత్వం ఉమ్మడి కంపెనీ పెట్టి, ఊరుమ్మడి భూముల్లో నీలగిరి చెట్లు వేయించింది. 1987 నవంబర్ 14న, ఇప్పటి హావేరి జిల్లా కుసనూరులో రైతులు వాటిని పీకి, తమకు పనికొచ్చే మొక్కలు నాటారు. ఒకపక్క కోర్టులో కేసు, మరోపక్క పొలంలో సత్యాగ్రహం. చివరకు 1991లో ఆ ఉమ్మడి కంపెనీనే మూసేశారు.

ఆ నది నీళ్లే దిగువన సిరుగుప్ప, గంగావతి, సింధనూరు క్యాంపుల్లోని తెలుగు రైతుల మళ్లకు పారేది. 'ఆయన కన్నడాయన, ఆ గొడవ వాళ్లది' అనుకుంటే పొరపాటు. గనుల దందాకు సరిహద్దు ఏనాడూ అడ్డు రాలేదు. బళ్లారిని ఆనుకున్న అనంతపురం జిల్లా ఓబుళాపురంలో సరిహద్దు గుర్తులే చెరిపేశారని ఆరోపణలొచ్చాయి. అక్కడి గనులపై సీబీఐ పెట్టిన కేసులో 2025 మే 6న హైదరాబాద్ కోర్టు గాలి జనార్దన్ రెడ్డి తదితరులకు ఏడేళ్ల జైలు విధించింది. ఆ శిక్ష అమలును జూన్‌లో తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది.

తవ్వకాలు ఆగాక కూలి పోయినవారూ, లారీ కంతులు కట్టలేక చితికినవారూ ఉన్నారు. వారి బాధ నిజమే. అయితే ఆ పాపం అడ్డగోలుగా తవ్వినవారిదే గానీ, అడిగినవారిది కాదు.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. దెబ్బతిన్న పల్లెల బాగు కోసం ఖనిజం అమ్మకాల నుంచి మినహాయించిన వేల కోట్ల ఖర్చుకు 2022లో సుప్రీంకోర్టు దారి తెరిచింది. పర్యవేక్షణను జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డికి అప్పగించింది. మన ఊరికి తాగునీళ్లెన్ని వచ్చాయి, ఆసుపత్రి ఏమైంది, చెరువు పూడిక తీశారా? గ్రామసభలో లేచి అడగాలి, సమాచార హక్కు కింద అర్జీ పెట్టాలి. తెలుగులో గొణిగితే ఎవరికీ వినబడదు. పక్కింటి కన్నడ రైతును కలుపుకుని, కన్నడంలోనే రాసి అడగాలి. హిరేమఠ్ నేర్పిన పాఠం అదే: కోపం కాగితమెక్కితేనే కదలిక వస్తుంది.