లష్కర్ అంటే ఉలిక్కిపడకండి

ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున ఆఫీసు కాల్‌లో, "నిన్న లష్కర్ బోనాలకి వెళ్లొచ్చా" అన్నాను. ఉత్తరాది టీమ్‌మేట్ ఒకడు టక్కున మ్యూట్ తీసి "ఏ లష్కర్?" అనడిగాడు. వాడి తప్పేం లేదు. వార్తల్లో ఆ మాట వినబడేది ఉగ్రవాద సంస్థ పేరులోనే కదా!

లష్కర్ పారసీ మాట. సైన్యం అని అర్థం. సైన్యం దిగిన చోటు కూడా లష్కరే. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్ అవతల మకాం వేశాయి. ఖర్చు మాత్రం నిజాందే! 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ మకాం సికింద్రాబాద్ అయింది. కాగితం మీద ఏ పేరున్నా జనం నోట్లో అది లష్కరే.

ఈ మాట చాలా దూరం తిరిగింది. బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన మనవాళ్లని లాస్కర్లు అన్నారు. మన కాలవల మీద తూములు చూసుకునే లస్కర్లదీ ఇదే మూలం. వాళ్ల చేతిలో తుపాకీ లేదు, పార ఉంటుంది.

ఇంగ్లీషులో ఇలా ఒకచోట పాతుకున్న దళాన్ని గ్యారిసన్ అంటారు. దాని మూలం పాత ఫ్రెంచిలో 'కాపాడటం'. అదే ధాతువు ఇవాళ్టి ఫ్రెంచిలో గెరీర్ అయింది. అంటే జబ్బు నయం చేయడం!

ఇది చదివాక నాకు ఉజ్జయిని మహంకాళి గుడి కథ గుర్తొచ్చింది. 1813లో కలరా ప్రబలినప్పుడు, పటాలంతో ఉజ్జయిని వెళ్లిన డోలీ మోసే సురిటి అప్పయ్య, మనవాళ్లు బతికితే లష్కర్‌లో గుడి కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడట. ఆ మొక్కే ఈ బోనాలకి మొదలంటారు. ఇక్కడ లష్కర్ కాపాడేది కాదు, కాపాడమని అడిగింది.

ఇదంతా మావాడికి చెప్పాను. "మరి వచ్చే ఏడు నన్నూ తీసుకెళ్తావా?" అన్నాడు. మాటని చెడగొట్టడానికి నలుగురు చాలు. బాగుచేయడానికి మాత్రం పక్కవాడికి ఓపిగ్గా చెప్పాల్సిందే.