ఎవరి కోడ్ నడుపుతున్నాం?

కంటైనరా, వర్చువల్ మెషీనా అని చర్చ మొదలైతే మన టీముల్లో ముందు మాట్లాడేది బరువు గురించే. వీఎం అంటే సొంత ఆపరేటింగ్ సిస్టం, బూట్ అయ్యేదాకా ఎదురుచూపు, మెమరీ ఖర్చు. కంటైనర్ అయితే ఇలా అనగానే లేస్తుంది. అబద్ధమేమీ కాదు. కానీ రెండింటినీ భారీ ఎత్తున నడిపే గూగుల్, అమెజాన్ ఏం చేశాయో చూస్తే బరువు రెండో విషయమని అర్థమవుతుంది.

డాకర్ వచ్చింది 2013లో. అంతకు చాలా ముందే, 2006లో, గూగుల్ ఇంజనీర్లు కంటైనర్లకు పునాది అయిన సీగ్రూప్స్ పని మొదలుపెట్టారు. 2008లో అది లినక్స్ కెర్నల్‌లో చేరింది. వారానికి రెండు వందల కోట్లకు పైగా కంటైనర్లు లేపుతున్నామని 2014లో ఆ కంపెనీయే చెప్పుకుంది. అంత కంటైనర్ పిచ్చి ఉన్న కంపెనీ కూడా బయటివాళ్లకు మెషీన్లు అద్దెకిచ్చేటప్పుడు మాత్రం వీఎంలే ఇచ్చింది. తమాషా ఏమిటంటే, పనులను మెషీన్లకు పంచే తన సొంత బోర్గ్ వ్యవస్థలో ఆ వీఎంలనూ మామూలు పనుల్లాగే నడిపింది.

ఎందుకీ తేడా? లినక్స్ సర్వర్ మీద కంటైనర్‌లోకి వెళ్లి ‘యూనేమ్ -ఆర్’ కొట్టండి. హోస్ట్ కెర్నల్ వెర్షనే వస్తుంది. అందరికీ కెర్నల్ ఒక్కటే, గోడ పల్చన. కంటైనర్లను లేపే ప్రోగ్రాం రన్‌సీలో 2019 ఫిబ్రవరిలో బయటపడ్డ లోపం చూడండి: కంటైనర్‌లో రూట్ హక్కున్న దొంగ ప్రోగ్రాం హోస్ట్ మీదున్న రన్‌సీ ఫైలునే తిరగరాయగలిగేది. ఇక ఆ మెషీన్ దాని చేతిలోకి వెళ్లినట్టే.

అమెజాన్ కథ ఇంకా ఆసక్తికరం. కస్టమర్లు రాసిన ఫంక్షన్లను నడిపిపెట్టే లాంబ్డా సేవ 2014లో మొదలైనప్పుడు ఒక్కో కస్టమర్‌కు వేరే వీఎం ఇచ్చి, దానిలోపల ఫంక్షన్లను కంటైనర్లలో నడిపేవారు. దండగ ఎక్కువ. అలాగని వీఎంను వదిలెయ్యలేదు, దాన్నే బక్కచిక్కించారు. 2018లో ఓపెన్ సోర్స్ చేసిన ఫైర్‌క్రాకర్ అదే. యూఎస్‌బీ లేదు, సౌండ్ లేదు, స్క్రీన్ లేదు. పేరుకో కీబోర్డ్ కంట్రోలర్ ఉంది గానీ, అది వీఎంను ఆపడానికే. ఒక్కో వీఎంకు అదనపు మెమరీ 5 ఎంబీ లోపే, సుమారు 125 మిల్లీసెకన్లలో బూట్. వీఎం అంటే బరువు అనే వాదన అక్కడ నిలవదు.

మనవాళ్ల సంగతికొస్తే, మీ టీమే రాసి, మీ టీమే రివ్యూ చేసిన సర్వీసులకు కంటైనర్లు హాయిగా సరిపోతాయి. ఎలాగూ క్లౌడ్‌లో ఆ కంటైనర్లు చాలావరకు మీకిచ్చిన వీఎంల మీదే నడుస్తుంటాయి. అదే ప్లేస్‌మెంట్ పరీక్షల్లో బీటెక్ పిల్లలు రాసే ప్రోగ్రాములు నడిపే సైటో, కస్టమర్లు సొంత స్క్రిప్టులు ఎక్కించే సాఫ్ట్‌వేరో అయితే వట్టి కంటైనర్‌ను నమ్మకండి. అక్కడ వీఎం గోడ ఉండి తీరాలి, దాని ఖర్చు మొదటి రోజే బడ్జెట్‌లో వేసుకోండి.