చెప్పు ఎక్కడ అరిగింది?

పోయిన మిరప సీజన్లో ఒకామె మా క్లినిక్‌కి వచ్చింది. చిలకలూరిపేట పక్కన పల్లెటూరు. నలభై అయిదేళ్లుంటాయి. "కుడికాలు మాట వినట్లేదండీ. పక్షవాతమని ఇంట్లో ఒకటే ఏడుపు" అంది.

కాలు చూడకముందే చెప్పులు అడిగాను. మా ఫిజియోథెరపీ వాళ్లకి అదో పిచ్చి. కుడి చెప్పు ముందు భాగం అరిగిపోయి ఉంది. వరండాలో నాలుగుసార్లు నడవమన్నా. మోకాలు అతిగా పైకెత్తుతోంది, పాదం టప్‌మని నేలకు కొడుతోంది. చేతులు మాత్రం బాగానే ఊగుతున్నాయి. మూతి, మాట బాగానే ఉన్నాయి.

"ఏం పనికెళ్తావమ్మా?"

"మిరపకాయల తొడిమలు తీస్తానండీ. పొద్దున గొంతుక్కూర్చుంటే అన్నానికి లేవడం, మళ్లీ సాయంత్రానికే."

సంగతి అక్కడుంది. మోకాలి కింద, బయటివైపు ఒక ఎముక బుడిపె చేతికి తగులుతుంది చూడండి. పాదాన్ని పైకి లేపే నరం దాన్ని చుట్టుకునే పోతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అది నలిగిపోతుంది. పై దేశాల్లో స్ట్రాబెర్రీలు కోసే కూలీలకు ఇలాగే వస్తే డాక్టర్లు ఆ పండు పేరే పెట్టారు. మన మిరపకి ఆ పాటి గౌరవం కూడా దక్కలేదు!

షుగర్, కుష్ఠు ఉన్నా పాదం ఇలాగే జారుతుంది. అందుకే ముందు డాక్టరు దగ్గరికి పంపి ఆ పరీక్షలు చేయించాం. అవేవీ లేవు. పాదానికి ఆధారంగా పట్టీ, ఎత్తు పీట, వ్యాయామాలు. మూడు నెలలకు పాదం లేచింది. ఆ మూడు నెలల కూలి ఎవరిస్తారు? ముందే వచ్చుంటే అంత పోయేది కాదు.

నడక పరీక్ష అంటే ఆటగాళ్లకేలే అనుకుంటారు. నన్నడిగితే ముందు రావాల్సింది షుగరున్నవాళ్లు, అందులోనూ కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియనివాళ్లు. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం మానేసిన పెద్దాయన, మూడేళ్లు దాటినా మునివేళ్ల మీదే నడిచే పిల్లాడు, ఏడాదిలో రెండుసార్లు పడిన బామ్మ కూడా. బామ్మనైతే కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు పట్టినా, దాటినా తీసుకురండి. ఏ నొప్పీ లేకుండా పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లకి మాత్రం మిషన్ల మీద వేలు తగలెయ్యాల్సిన పని లేదు.

ఒక్కసారిగా కాలూ చెయ్యీ పడిపోతే, మూతి వంకర పోతే చెప్పులు చూస్తూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆవిడ మొన్న మళ్లీ వచ్చింది. శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కుతుందట. ఎక్కడం సరే, దిగేటప్పుడు బస్సెక్కమన్నా. "చూద్దాంలెండి" అని నవ్వింది.