రాసిచ్చిన మాటలు నోటికి రావు
ఆగస్టు 15న బడి ఆవరణలో మైకు ముందు ఒక పిల్ల నిలబడుతుంది. టీచరు రాసిచ్చిన ప్రసంగంలో మూడో వాక్యం దగ్గర ఆగిపోయి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ గుటకలు మింగుతుంది. ‘ధైర్యం తెచ్చుకో’ అంటాం మనం. నా మటుకు నాకు తప్పు ఆ పిల్లది కాదనిపిస్తుంది. తనవి కాని మాటల్లో ఒకటి జారిపోతే ఇక దేన్ని పట్టుకుంటుంది? మాట రాకపోవడం గాంధీకీ తప్పలేదు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసుకు లేచినప్పుడు ఆయనకు తల తిరిగింది, ఒక్క ప్రశ్నా నోట రాలేదు. తన 30 రూపాయల ఫీజు వెనక్కి ఇచ్చేస్తానని, ఇంకో వకీలును పెట్టుకోమని కేసు తెచ్చినవారితో అన్నారు. ఆయనే 1893లో ప్రిటోరియాలో, అక్కడి భారతీయుల సభలో, వ్యాపారంలో నిజాయితీ గురించి తొలి బహిరంగ ప్రసంగం చేశారు. అది ఆయన నమ్మిన విషయం, బాగా ఆలోచించుకుని వెళ్లారు కూడా. మన పిల్లల్నీ వాళ్ల వీధి కుళాయి గురించో, అమ్మమ్మ ఊరి గురించో మాట్లాడమందాం. ముందు నలుగురు స్నేహితుల మధ్య, తర్వాత తరగతిలో, ఆ పైన మైకులో. మొదటి నిమిషం కాళ్లు వణుకుతాయి, వణకనిద్దాం. మైకు స్టాండును మాత్రం ఆ పిల్ల ఎత్తుకు ముందే దించి పెడదాం.