నారు పోసినవాడు నీరు తగ్గించాలి

మిరపకాయ ఎంత ఘాటుగా ఉంటే వీడియోకి అన్ని వ్యూస్. ఎర్రగా, ముడతలు పడి, కింద తేలు కొండిలాంటి తోక ఉన్న కాయ నమిలి, కళ్లు ముక్కు కారుతుంటే నవ్వే కుర్రాళ్లు మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటారు. ఆ కాయ పేరు కరోలినా రీపర్. అమెరికాలో ఎడ్ కర్రీ అనే ఆయన పెంచిన రకం. 2013లో గిన్నిస్ రికార్డు కొట్టింది. 2023లో ఆయనదే ఇంకో రకం, పెప్పర్ ఎక్స్, దాన్ని దాటేసింది. సగటున 26.9 లక్షల స్కోవిల్ యూనిట్లు. మనల్ని ఏడిపించే తేజ ఎక్కడో లక్ష దరిదాపుల్లో ఉంటుంది.

వీడియో అయిపోగానే చాలామంది చేసే పని, ఫోన్‌లో ఆ విత్తనాల కోసం వెతకడం. నీలం మిర్చి, ఇంద్రధనుస్సు మిర్చి, అన్నీ కనిపిస్తాయి. చాలా ఫొటోలు రంగు మార్చినవే. నిజంగా విదేశం నుంచి తెప్పించాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఇంత హడావుడి ఎందుకంటారా? 2021లో మన మిరప చేలల్లోకి దిగిన నల్ల తామర పురుగును గుర్తు చేసుకోండి. ఆగ్నేయాసియా వైపు పురుగు. అది విత్తనాల్లో రాలేదు, నిజమే. కానీ కంటికి సరిగ్గా ఆనని ఒక బయటి ప్రాణి పూతలో దూరితే ఏమవుతుందో గుంటూరు, ప్రకాశం రైతులు చూశారు. కాపు మీదున్న తోటలను పీకేసినవాళ్లున్నారు.

అందుకే ఇంట్లో మిరప పెంచాలనుకున్నప్పుడు నేను తేజతోనే మొదలుపెట్టా. ఊరు చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ ఊరు కాబట్టి ఇక్కడ ఆకు మీద పడేది మంచు కాదు, రాతి దుమ్ము. వానాకాలంలో పెద్ద చినుకు పడితే లేత మొలక పడుకుంటుంది. నారు దశ వరకూ ఇంట్లోనే పెట్టడానికి ఈ రెండు కారణాలు చాలు.

హీట్ మ్యాట్ మనకెందుకు?

యూట్యూబ్‌లో మిరప నారు గురించి చెప్పేవాళ్లలో ఎక్కువమంది చలిదేశాల వాళ్లు. బయట మంచు ఉండగా ఫిబ్రవరిలో గింజ పెడతారు. కింద వేడి కోసం హీట్ మ్యాట్ కొనమంటారు. మిరప గింజ మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీలు కావాలి. ఆగస్టులో చీమకుర్తిలో మామూలు గదిలో అది ఊరికే వస్తుంది. మన సమస్య చలి కాదు, ఎండ. ఒంగోలు వైపు వేసవిలో 40 దాటితే పూత నిలబడదు, రాలిపోతుంది. అందుకే మన రైతులు జులై, ఆగస్టుల్లో నారు పోసి, చలికాలంలో కాపు వచ్చేలా చూసుకుంటారు. కుండీకి కూడా అదే క్యాలెండర్.

60 గింజలు, మూడు మూలాలు

20 గింజలు వంటింట్లో డబ్బాలోని ఎండుమిర్చివి. 20 మా బాబాయి కల్లంలో ఏరి, నీడన ఆరబెట్టి ఇచ్చిన పళ్లవి. 20 హైబ్రిడ్ ప్యాకెట్‌వి. కోకోపీట్, కొంచెం వర్మీకంపోస్టు, అడుగున చిల్లులు పెట్టిన పేపర్ గ్లాసులు. గింజ లోతు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు, అంతే.

ఏడో రోజు ప్యాకెట్ గింజలు తల ఎత్తాయి. రెండు వారాలకు లెక్క: ప్యాకెట్‌వి 17, బాబాయివి 14, వంటింటివి 5. ఎండుమిర్చి ఎన్నాళ్ల కిందటిదో, ఎంత వేడిలో ఎండిందో, ఎక్కడ నిల్వ ఉందో మనకు తెలియదు. గింజకు మాత్రం అవన్నీ గుర్తుంటాయి.

ఒక జాగ్రత్త. కారం గింజలో ఉండదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో తయారవుతుంది, అక్కణ్నుంచి గింజకు అంటుతుంది. కాబట్టి గింజలు తీసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులు మండితే ముందు కొంచెం నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. అప్పటిదాకా కళ్ల జోలికి పోవద్దు.

వెలుతురు ఫోన్‌తో కొలవొచ్చు

గది మనకు వెలుతురుగా కనిపిస్తుంది, మొక్కకు కాదు. మధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్. గదిలో మధ్యన కొన్ని వందలే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో లైట్ సెన్సర్ ఉంటుంది. ఉచిత లక్స్ మీటర్ యాప్ వేసుకుని కిటికీ దగ్గర, టేబుల్ మీద కొలిచి చూడండి, తేడాకు ఆశ్చర్యపోతారు. వెలుతురు చాలని మొలక సన్నగా, పొడుగ్గా సాగి, తన తలను తనే మోయలేక వాలిపోతుంది.

20 వాట్ల మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబును మొలకలకు జానెడు ఎత్తులో కట్టి, రోజుకు 16 గంటలు వేశా. రోజుకు 320 వాట్ అవర్లు, అంటే నెలకు పది యూనిట్ల లోపే. ఊదారంగు గ్రో లైటు కొనక్కర్లేదు. కిటికీ దిమ్మె నల్ల గ్రానైట్ అయితే గ్లాసుల కింద చెక్క పెట్టండి. ఎండకు ఆ రాయి పెనంలా కాలుతుంది.

నీళ్ల దగ్గరే అసలు పరీక్ష

నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. దేవుడి సంగతేమో గానీ, ఇంట్లో నారు పోసేవాడికి వచ్చే చిక్కు నీళ్లు ఎక్కువవడమే. మొలక కాడ మట్టి దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి, సాయంత్రం నిలబడి ఉన్నది పొద్దున్నకి పడిపోతుంది. నారుకుళ్లు తెగులు అంటారు. పిథియం లాంటి సూక్ష్మజీవుల పని. తడి, ఇరుకు, గాలి ఆడకపోవడం దానికి పండగ. పడిపోయిన మొలక మళ్లీ లేవదు. కాబట్టి చేయగలిగింది ముందే చేయాలి: చిల్లులు, పల్చగా గింజలు, కాసేపు ఫ్యాన్ గాలి, పైపొర ఆరాకే నీళ్లు.

బాబాయి దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పాడు. "గ్లాసు ఎత్తి చూడరా. బరువుగా ఉంటే పోయమాక. తేలిగ్గా ఉంటే పొయ్యి." ఏ సెన్సరూ అక్కర్లేదు. నా 36 మొలకల్లో నాలుగు పోయాయి. ఆయనకు చెబితే, "నారుమడిలో అదే లెక్కన పోతే ఎన్ని సాళ్లు ఖాళీయో చూసుకో" అన్నాడు. ఇప్పుడు మన వైపు చాలామంది షేడ్‌నెట్ నర్సరీల్లో, కోకోపీట్ నింపిన ప్రోట్రేల్లో పెంచిన నారు కొంటున్నది ఇందుకే. ఆ మొదటి 40 రోజుల భయాన్ని డబ్బిచ్చి వేరేవాళ్లకు అప్పగించడం అది.

ముడత ఎటు తిరిగింది?

నాలుగైదు అసలు ఆకులు వచ్చాక పెద్ద కుండీలోకి మార్చి, వారం పది రోజులు కొంచెం కొంచెంగా ఎండ అలవాటు చేయాలి. వారానికోసారి ఆకుల మీది దుమ్ము నీళ్లతో కడగండి. అప్పుడే ఆకు అడుగున కూడా చూడండి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ పైముడత, కిందిముడత తేడా మిరప రైతుల ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. తామర పురుగులకు నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపువి. బాల్కనీలో పూత వస్తే పొద్దున్నే కొమ్మను మెల్లగా ఊపండి. మిరప పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు, చిన్న కదలిక చాలు.

చివరికి ఆరు కుండీలు ఉంచా. వంటింటి గింజల మొక్కల్లో ఒకదానికి కాయలు పొట్టిగా, లావుగా వచ్చాయి. అసలు తేజ సన్నగా ఉంటుంది. తేజ పేరుతో మార్కెట్‌కు వచ్చే దాంట్లో హైబ్రిడ్లు చాలా. హైబ్రిడ్ కాయలోని గింజ తల్లిలాగే వస్తుందన్న హామీ లేదు. అందుకే ఆ రకం వేసే రైతు ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. అందుకే ఆ ప్యాకెట్ నకిలీదైతే ఆ ఏడాది మొత్తం పోయినట్టే. కుండీలో 20 గింజలు మొలవకపోతే మనం ఇంకో ప్యాకెట్ తెచ్చుకుంటాం. కౌలుకు తీసుకున్న పొలంలో అయితే అదను దాటిపోతుంది. అప్పు మాత్రం దాటదు.

మీ ఇంట్లో మిరప వేసేవాళ్లుంటే ఈ సీజన్లో మీ ఫోన్‌కు ఒక పని పెట్టండి. విత్తనం కొన్న రోజే ప్యాకెట్‌ను రెండు వైపులా ఫొటో తీయండి. లాట్ నంబరు, గడువు తేదీ చదవగలిగేలా ఉండాలి. బిల్లు కూడా తీయండి. నారు పోసే ముందు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి, రెండు వారాల్లో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. ధ్రువీకరించిన మిరప విత్తనానికి కనీసం 60 శాతం మొలక ఉండాలన్నది ప్రమాణం. అంతకన్నా తగ్గితే గుడ్డలోని గింజలను కూడా ఫొటో తీసి, ఖాళీ ప్యాకెట్ పారేయకుండా దాచి, రైతు సేవా కేంద్రంలో గానీ వ్యవసాయాధికారి దగ్గర గానీ రాసి ఇవ్వండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు గాలికి పోతుంది. లాట్ నంబరు ఉన్న ఫిర్యాదుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.