ఉప్పు చూసిపెట్టండి!

పెళ్లివారి వంటశాలలో ఓ అలవాటుంది. పులుసు దించేముందు వంటమేస్త్రి గరిటె చివర కాస్త తీసి, అటుగా వెళ్తున్న పెద్దమనిషి అరచేతిలో వేస్తాడు. 'బాబాయిగారూ, ఉప్పు సరిపోయిందేమో చూసిపెట్టండి' అంటాడు. ఆయన నాలుక్కి రాసుకుని 'ఇంకాస్త పడాలోయ్' అంటే మరో గుప్పెడు పడుతుంది. అంతే, వెయ్యిమంది భోజనం గట్టెక్కినట్టే. ఒకసారి విస్తట్లోకి వెళ్లాక పులుసుని వెనక్కి తీసుకోలేరు కదా!

కంప్యూటర్ కంపెనీలు చేసే పనీ ఇదే. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ని అమ్మకానికి పెట్టేముందు, అదింకా ఉడుకుతుండగానే, 'కాస్త వాడి చూడండి, ఎక్కడ తేడా ఉందో చెప్పండి' అంటూ జనం చేతిలో పెడతాయి. ఆ పరీక్షా రూపమే 'బీటా'. గ్రీకు అక్షరమాలలో రెండో అక్షరం అది. మొదటిదైన ఆల్ఫా... కంపెనీ నాలుగు గోడల మధ్య జరిగే పరీక్ష. బీటా గడప దాటి బయటికొచ్చే పరీక్ష. పులుసు రుచి చూసినవారికి పోయేదేమీ ఉండదు. బీటా రుచి చూస్తే మాత్రం ఒక్కోసారి నాలుక కాలుతుంది!

తలుపు తీయకముందే తోపులాట

2009 జనవరి 7. అమెరికాలోని లాస్‌వేగాస్‌లో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన. అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ వేదికెక్కి 'విండోస్ 7' బీటాని ప్రకటించారు. రెండ్రోజుల తర్వాత, అంటే శుక్రవారంనాడు, ఎవరైనా సరే ఉచితంగా దించుకోవచ్చన్నారు. కాకపోతే మొదటి 25 లక్షలమందికే అని షరతు పెట్టారు.

అంతే, శుక్రవారం జనం విరుచుకుపడ్డారు. ప్రపంచంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటైన మైక్రోసాఫ్ట్ సర్వర్లే ఆ తాకిడికి చేతులెత్తేశాయి. అదనంగా సర్వర్లు తెచ్చిపెట్టుకుని మర్నాటికి గానీ తలుపులు తెరవలేకపోయింది కంపెనీ. చివరికి 25 లక్షల హద్దునీ తీసేసింది.

ఇంత ఆత్రం ఎందుకంటారా? 'విస్టా' పుణ్యమే! 2001లో వచ్చిన ఎక్స్‌పీ ఇంటింటి కంప్యూటర్‌గా స్థిరపడిపోయింది. అయిదేళ్లకు పైగా ఊరించి 2007 జనవరిలో విస్టా వచ్చింది. చూడ్డానికి అద్దంలా తళతళలాడింది కానీ, పాత కంప్యూటర్ల మీద నత్తనడక నడిచింది. నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్లూ స్కానర్లూ దానితో మాట్లాడనన్నాయి. ఏ చిన్న పని చేయబోయినా 'అనుమతి ఇస్తారా?' అంటూ కిటికీ అడ్డొచ్చేది. విసిగిపోయినవాళ్లు మళ్లీ ఎక్స్‌పీకే వెళ్లిపోయారు. అందుకే, 'ఈసారైనా బాగా చేశారా' అని చూసుకోవాలనే తహతహ.

మన దగ్గర దించుకోవడమంటే అదో తపస్సు. 2009లో చాలా ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ వేగం 256 కిలోబిట్లు. బీటా ఫైలు రెండు జీబీలకు పైమాటే. లెక్కేస్తే, ఎక్కడా తెగకుండా వచ్చినా దాదాపు 20 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే కథ మొదటికొస్తుంది. అంత శ్రమపడి దించి, డీవీడీ మీదికి ఎక్కించి, కంప్యూటర్లో వేస్తే... తెర మీద కనిపించింది ఓ చేప! దాని పేరు 'బెట్టా'. బీటాకీ బెట్టాకీ కుదిరిన చిన్న చమత్కారం అన్నమాట.

పాట మొదలు మాయం

బీటా విండోస్ 7లో ప్రతి కిటికీ పైనా కుడిచేతివైపు 'అభిప్రాయం పంపండి' అనే చిన్న మీట ఉండేది. నచ్చకపోతే అక్కడికక్కడే నొక్కి చెప్పేయొచ్చు. కిటికీని తెర అంచుకి తోస్తే సగం తెరలో సర్దుకుని కూర్చోవడం, అడుగున పట్టీ మీద పెద్ద బొమ్మల్లా ప్రోగ్రాములు వరస కట్టడం... ఇలాంటివి జనానికి తెగ నచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, విస్టాకి ఆయాసపడిన కంప్యూటర్ల మీద కూడా ఇది చకచకా నడిచింది. 'ఇంత బాగుంటే బీటా ఎందుకు, రోజూ దీన్నే వాడేద్దాం' అనుకున్నవాళ్లు ఎందరో.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ బీటాలో ఓ దొంగ దాక్కున్నాడు. ఎంపీ3 పాటల ఫైల్లో గాయకుల పేరు, ఆల్బమ్ పేరు, ముఖచిత్రం లాంటి వివరాలు కూడా ఉంటాయి. విండోస్ మీడియా ప్లేయర్ ఆ వివరాలను సవరించేటప్పుడు కొన్ని ఫైళ్లలో పాట మొదట్లోని కొద్ది సెకన్లు తెగ్గోసేది. తిరిగి రానంతగా! పల్లవి ముందు వచ్చే వీణ బిట్టు పోయిందనుకోండి, ఆ పాట ఇక ఆ పాటే కాదు కదా. లోపం తెలిసిన వెంటనే మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసింది. దాన్ని ఎక్కించుకునేలోపు పాటలన్నీ మరోచోట దాచుకోమనీ, లేదా వాటిని ఎవరూ మార్చడానికి వీల్లేని 'రీడ్ ఓన్లీ'గా పెట్టుకోమనీ హెచ్చరించింది. 'రోజువారీ పని చేసుకునే కంప్యూటర్ మీద బీటా వేయొద్దు' అని కంపెనీ ముందే చెప్పిన మాట అప్పుడు అర్థమైంది చాలామందికి.

మరో గొడవ ఇంకా ఆసక్తికరం. విస్టాలో విసిగించిన అనుమతుల కిటికీని విండోస్ 7లో తగ్గించారు. వాడుతున్న మనిషి స్వయంగా సెట్టింగులు మార్చుకుంటే అడగదు, వేరే ప్రోగ్రాము మార్చబోతేనే అడుగుతుంది. బాగానే ఉంది. కానీ మనిషి మీటలు నొక్కుతున్నట్టు ఓ ప్రోగ్రామే నటిస్తే? ఏకంగా కాపలానే ఆపేయొచ్చు! బీటా వాడుతున్న కొందరు ఔత్సాహికులు దీన్ని చేసి చూపించారు. 'అది అలాగే ఉండాలని చేశాం' అంది మొదట మైక్రోసాఫ్ట్. విమర్శలు ఆగలేదు. 2009 ఫిబ్రవరిలో దిగొచ్చింది. కాపలా స్థాయిని మార్చాలంటే తప్పనిసరిగా అనుమతి అడిగేలా సరిచేస్తామంది. వాచ్‌మన్‌ని సెలవు మీద పంపాలంటే ఇంటి యజమాని తలుపు తీసి చెప్పాల్సిందేనన్నమాట. తర్వాత విండోస్ 7ని డబ్బిచ్చి కొనుక్కున్న కోట్లమందిలో ఎంతమందికి తెలుసు, తమ ఇంటి తాళం గట్టిపడటానికి బీటా వాడినవారి పట్టుదలే కారణమని?

ఉచితమే కానీ...

బీటాకి ఆయుష్షు తక్కువ. 2009 మే 5న దాదాపు తుదిరూపమైన 'రిలీజ్ క్యాండిడేట్' వచ్చింది. బీటా మీద నేరుగా దాన్ని ఎక్కించడం కుదరదంది కంపెనీ. వెనక్కి విస్టాకైనా వెళ్లాలి, లేదా అన్నీ తుడిచేసి కొత్తగా వేసుకోవాలి. మొండికేసి బీటాలోనే ఉండిపోయినవాళ్లకి జులై 1 నుంచి చుక్కలు కనిపించాయి. ప్రతి రెండు గంటలకోసారి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయేది. ఆగస్టు 1తో గడువు పూర్తి. అక్టోబరు 22న అసలు విండోస్ 7 మార్కెట్లోకి వచ్చింది.

ఉచితం కాబట్టి ఈ బాధలు అనుకుంటున్నారేమో, డబ్బు పెట్టి కొనుక్కున్న బీటాలూ ఉన్నాయి! 2000 సెప్టెంబరు 13న యాపిల్ 'మ్యాక్ ఓఎస్ టెన్' పబ్లిక్ బీటాని 29.95 డాలర్లకు అమ్మింది. ఉప్పు చూసినందుకు ఎదురు డబ్బివ్వడమన్నమాట. దాని గడువూ 2001 మే 15 వరకే. ఆ బీటాలో తెర పైపట్టీ మధ్యలో యాపిల్ గుర్తు ఉండేది, నొక్కితే ఏమీ జరిగేది కాదు. ఎడమ మూలన యాపిల్ గుర్తు నొక్కి పనులు చేసుకోవడం మ్యాక్ వాడేవారికి ఏళ్లనాటి అలవాటు. 'మా యాపిల్ మెనూ ఏదీ?' అని గోల చేశారు. 2001 మార్చి 24న అసలు రూపం వచ్చేసరికి ఆ గుర్తు బుద్ధిగా ఎడమ మూలకి చేరింది. నొక్కితే మెనూ కూడా తెరుచుకుంది.

ఎవరూ వినని మాట

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. అదే ఏడాది అక్టోబరులో 'విండోస్ ఇన్‌సైడర్' కార్యక్రమం మొదలైంది. అప్పుడప్పుడూ ఓ బీటా ఇవ్వడం కాదు, తయారవుతున్న విండోస్‌ని విడతలవారీగా, ఎప్పటికప్పుడు జనానికి ఇవ్వడం. రెండు వారాల్లోనే పది లక్షలమంది పేర్లు నమోదు చేసుకున్నారు. లోపాలు చెప్పేందుకు ప్రత్యేకంగా ఓ యాప్. అందులో ఒకరు రాసిన ఫిర్యాదుకి మిగతావారు ఓటేయొచ్చు. ఎక్కువ ఓట్లొస్తే పైకి వస్తుంది, ఇంజినీర్ల కంట పడుతుంది. ఎంత బాగుందీ ఏర్పాటు!

2018 అక్టోబరు 2న విండోస్ 10కి కొత్త అప్‌డేట్ విడుదలైంది. దాన్ని మొదట తీసుకున్నది ఎవరు? 'అప్‌డేట్ ఏమైనా వచ్చిందా' అని స్వయంగా మీట నొక్కి చూసుకున్నవాళ్లు. వాళ్లలో కొందరికి గుండె ఆగినంత పనైంది. డాక్యుమెంట్లు, ఫొటోలు మాయం! కంప్యూటర్లో సి డ్రైవ్ నిండిపోతోందని కొంతమంది తమ 'డాక్యుమెంట్స్' ఫోల్డర్‌ని డి డ్రైవ్‌కి మళ్లిస్తుంటారు. పాత ఫోల్డర్‌లోనూ కొన్ని ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. అంతకుముందు అప్‌డేట్ తర్వాత ఒకే పేరుతో ఖాళీ ఫోల్డర్లు రెండేసి కనిపిస్తున్నాయన్న ఫిర్యాదులొస్తే, వాటిని ఊడ్చేసే ఏర్పాటు ఈ అప్‌డేట్‌లో చేశారు. ఆ చీపురు ఖాళీ గదితోపాటు సామాను ఉన్న పాత గదినీ ఊడ్చేసింది.

నాలుగు రోజులు తిరక్కుండానే మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్‌ని ఆపేసింది. నష్టపోయింది పదివేల మందిలో ఒకరేనంది. కానీ ఆ ఒక్కరి ఇంట్లో పాపాయి తొలి అడుగుల వీడియో పోతే, వాళ్లకది నూటికి నూరుపాళ్లూ నష్టమే కదా!

అసలు బాధ కలిగించే విషయం ఆ తర్వాత బయటపడింది. ఫైళ్లు పోతున్నాయని పరీక్ష దశలో వాడినవారిలో కొందరు అంతకుముందే ఫిర్యాదు చేశారు. అయితే చాలామందికి ఎదురుకాని సమస్య కావడంతో ఓట్లు పడలేదు. రంగు నచ్చలేదు, బొమ్మ బాగాలేదు లాంటి మాటల కుప్ప కింద ఆ కేక వినిపించలేదు. తప్పు తెలుసుకున్న కంపెనీ, ఫిర్యాదు చేసేవారు సమస్య ఎంత తీవ్రమైనదో కూడా చెప్పేలా ఆ యాప్‌ని మార్చింది. సరిచేసిన అప్‌డేట్ మళ్లీ నవంబరు 13న గానీ రాలేదు.

మీరూ రుచి చూస్తారా?

ఇప్పుడు బీటాలు ఫోన్లలోకీ వచ్చేశాయి. ఇంట్లో ఉత్సాహవంతులైన పిల్లలుంటే 'నాన్నా, కొత్తది అందరికన్నా ముందు మనకే' అంటూ మీ ఫోన్లోనే వేసేయొచ్చు. కాదనక్కర్లేదు, దానివల్ల నేర్చుకునేదీ చాలానే ఉంటుంది. కాకపోతే కొన్ని జాగ్రత్తలు.

* రోజూ వాడే ఫోన్‌లో, ఆఫీసు కంప్యూటర్లో వద్దు. పక్కన పడేసిన పాతదేదైనా ఉంటే దాని మీద వేసుకోండి. బీటాలో బ్యాంకు యాప్ మొరాయిస్తే కిరాణా కొట్టు దగ్గర ఇబ్బంది పడేది మీరే.

* ముందుగా ఫొటోలూ కాగితాలూ వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని తీసి పక్కన పెట్టండి. ఎక్కించాక ఒకట్రెండు ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

* వెనక్కి రావడం అంత తేలిక కాదు. చాలా సందర్భాల్లో మొత్తం తుడిచేసి మొదలుపెట్టాలి. ఐఫోన్‌లో అయితే, బీటాలో ఉండగా తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లోకి ఎక్కదు. బీటా వేయకముందు తీసిందే అక్కరకొస్తుంది.

* లోపం కనిపిస్తే 'ఏం బాలేదు' అని రాసి ఊరుకోవద్దు. ఏం చేస్తుంటే వచ్చింది, ఏం జరగాల్సింది, ఏం జరిగింది... ఈ మూడూ వరసగా రాయండి. అలా రాస్తే ఇంజినీరు తన దగ్గర అదే లోపాన్ని తిరిగి రప్పించుకుని సరిచేయగలడు.

* ఇంకొకరు ఫైళ్లు పోయాయని రాసింది చూస్తే, మీకు అలా జరగకపోయినా ఒక్క క్షణం ఆగండి. మీకూ అలా జరిగే వీలుందేమో చూడండి. అలాగే అయితే మీరూ గొంతు కలపండి.

పెళ్లి పులుసులో ఉప్పు తగ్గితే విస్తట్లో కాస్త కలుపుకోవచ్చు. అదే పులుసులో బల్లి పడిందని ఓ పిల్లాడు చూసి చెప్పాడనుకోండి, 'ఇంకెవరూ చెప్పలేదే' అని వడ్డించేస్తారా? రుచి చూసేవాళ్లు ఎందరున్నారన్నది కాదు, చెప్పిన మాట వినే చెవి ఉందా లేదా అన్నదే అసలు విషయం!