గైడులో లేని రాముడు



పరీక్షలో "ఈ పాత్ర స్వభావం రాయండి" అని అడిగితే మనం గైడులో ఉన్న రెండు ముక్కలు రాసేస్తాం. మంచివాడు, అమాయకుడు, అంతే. నా అభిప్రాయం ఏమిటంటే అది కథ చదవడం కాదు.

మొన్న ఆదివారం మేము కొందరం గురజాడ అప్పారావు గారి "దిద్దుబాటు" చదివాం. 1910లో వచ్చిన కథ. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భార్య కమలిని కనపడదు. ఆ కోపంలో నౌకరు రాముణ్ణి కొడతాడు, తర్వాత జాలిపడి రూపాయి ఇస్తాడు. ఆడవాళ్ళ చదువు గొప్పదని చెప్పేది కూడా ఆయనే! అందుకే మాటలు ఒక్కటే కాదు, చేసిన పనులు కూడా చూడాలి. కమలిని ఒక ఉత్తరం రాసిపెట్టి చివరిదాకా మంచం కిందే దాక్కుంటుంది. ఐనా ఆమె తెలివి, ధైర్యం మనకి తెలిసిపోతాయి.

రాముడేమో ఆడవాళ్ళు రాతలు నేర్చుకుంటే గొడవే అంటాడు. "చెడ్డోడు" అన్నారు మావాళ్ళు. నేనూ అన్నాను. రాత్రి పడుకున్నాక మా అయ్య గుర్తొచ్చాడు. నన్ను ఆరో తరగతిలో చేర్చేటప్పుడు "సదువుకుంటే మళ్ళీ మన కొండకి వస్తాదా?" అన్నాడు. కాని నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సుదాకా నడిచింది ఆయనే. అది చెడ్డతనం కాదు, భయం. రాముడిదీ భయమేనేమో. ఇది నా ఊహ, కథలో రాసిలేదు. కాదంటే కథలో ఏ మాట చూసి కాదంటున్నారో చూపించండి, ఒప్పుకుంటాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కొత్తగా వచ్చిన ఆరో తరగతి చెల్లెళ్ళు మాట్లాడకపోతే మనం "మొద్దు" అనేస్తున్నాం. నన్నూ అలాగే అనేవారు. నాకు జవాబు తెలుసు. మా ఇంట్లో సవర మాట్లాడతాం. తెలుగులో మాట వెతుక్కునేలోపు అందరూ నవ్వేవారు. రాముణ్ణి తప్పుగా అనుకుంటే రాముడికేం కాదు. కాని ఒక పిల్లని తప్పుగా అనుకుంటే, ఆ పిల్ల పండక్కి ఇంటికెళ్ళి మళ్ళీ రాకపోవచ్చు.

వచ్చే ఆదివారం కథ చదివేటప్పుడు చెల్లెళ్ళని కూడా కూర్చోబెట్టుకుందాం. అడిగాక కొంచెం ఆగుదాం. మేడం గారు ఒప్పుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని